ఇట్ల చదవాల

గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి. కాళ్ళ కింద నేల ఒక్క క్షణం కదిలి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. బంగారు గనుల కూలీలకి కట్టిన చాంపియన్ రీఫ్ లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. గనులు మూతబడి ఎన్నేళ్ళైనా, నీళ్ళు నిండిన ఆ లోతుల్లో ఏదో ఒక బండ సర్దుకుంటూనే ఉంటుంది.

వంటింట్లో అక్కయమ్మ గరిటె పక్కన పెట్టి పిలుపు మొదలుపెట్టింది.

“శశీ!”

“ఉండానత్తా,” అంది కోడలు శశికళ, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

“మోహనూ!”

“ఆయన పొద్దున్నే బెంగళూరు రైలెక్కి పోయినాడు గదత్తా.”

“పోయినాడని నువ్వు చెప్తే చాలదు. ఫోన్ కలిపి ఇయ్యి. వాని గొంతు నేను వినాల.”

లైన్ ఇళ్ళ అలవాటు అది. నేల అదిరితే ఇంట్లోవాళ్ళని పిలవాలి, పిలిపించుకున్నవాళ్ళు నోరు తెరిచి పలకాలి. ఎదురుగా కనబడుతున్నా సరే, చెయ్యి ఊపితే ఒప్పుకోరు. గని లోపల దీపాలు ఆరిపోతే మనిషి ఉన్నాడనడానికి గొంతొక్కటే సాక్ష్యం. ఆ అలవాటు మెల్లగా గనిలోంచి పైకెక్కి ఇళ్ళలో కూర్చుంది. శశికళ ఫోన్ కలిపింది. మోహన్‌కుమార్ రైలు రొదలోంచి, “ఉండానమ్మా, ఉండాను!” అని అరిచాడు.

అక్కయమ్మ అక్కడితో ఊరుకోలేదు. ఎప్పటిలాగే గడప దాకా పోయి, దూరంగా బంగారం తీసేశాక పోసిన తెల్లటి సైనైడ్ మట్టి దిబ్బల వైపు చూస్తూ, “ఏమప్పో!” అంది. మొగుణ్ణి ఆమె అలాగే పిలిచేది. ఆయన ఒక షిఫ్టులో కిందికి దిగి మళ్ళీ పైకి రాలేదు. అయినా నేల అదిరిన ప్రతిసారీ ఆయన్నీ పిలుస్తుంది, పిలిచి కాసేపు చెవి ఒగ్గి నిలబడుతుంది. ఆ కాసేపు కుక్కర్ కూడా కూత వెయ్యకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది శశికళకి. కాపురానికొచ్చిన కొత్తలో భయపడేది. ఇప్పుడు భయం పోయింది గానీ ఒళ్ళు జలదరించడం పోలేదు.

అత్త లోపలికి పోయాక ఆమె మళ్ళీ మునీంద్ర పేజీలో తల దూర్చింది.

మునీంద్ర ఆమెతోపాటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. తెలుగు వికీలో క్వాంటమ్ మెకానిక్స్ పేజీలు రాయమని అతన్ని ఎవరూ అడగలేదు, రాసినందుకు పైసా ఇచ్చినవాళ్ళూ లేరు. పోయినేడు మామిడికాయలు కోసే రోజుల్లో, బూదికోటలో తన ఇంట్లో, ఒక పొద్దున ‘క్వాంటమ్ స్థితి’ అనే పేజీ రాస్తూ రాస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. పేజీ సగంలో ఆగింది. దాని నెత్తిన అతను తగిలించిన పసుప్పచ్చ పట్టీ ఇంకా అలాగే ఉంది: ‘ఈ పేజీలో పని జరుగుతోంది. దయచేసి కాసేపు ఎవరూ మార్చకండి.’ ఏడాది కావొస్తోంది, ఆ కాసేపు ఇంకా అయిపోలేదు.

వచ్చే వారం అతని సంవత్సరీకం. ఆ వారం ఈ పేజీ వికీ మొదటి పేజీలో కనబడాలని శశికళ పట్టుదల. కాలేజీలో అతని బల్ల మీద ఇప్పుడు జెరాక్స్ మిషను కూర్చుంది. పిల్లలు అతికించిన ఫోటో వానకి తడిసి ఊడిపోయింది. ఇంత పని చేసిన మనిషి పేరు ఎక్కడో ఒకచోట నిలవకపోతే ఎట్లా అని ఆమె బాధ. బాధ నిజమైనదే, అందులో వంక పెట్టడానికి లేదు.

వికీలో పేజీల మంచిచెడ్డలు చూసే పురుషోత్తమ్ అని ఒకాయన ఉన్నాడు. ఏ ఊరో ఆమెకి తెలియదు, మొహం చూసింది లేదు. ఆయన రాశాడు: ‘వ్యాసం బాగుంది మేడమ్. కానీ సూత్రాల గుర్తులు పద్ధతిగా లేవు, సరిచెయ్యాలి. ప్రతి సూత్రం కిందా ఉన్న కబుర్లు కూడా తీసెయ్యాలి. ఇది విజ్ఞాన సర్వస్వం, రచ్చబండ కాదు కదా.’

గుర్తుల సంగతి నిజమే. కోణం బ్రాకెట్లు రాయాల్సిన చోట మునీంద్ర కీబోర్డు మీది ‘కంటే తక్కువ’, ‘కంటే ఎక్కువ’ గుర్తులు కొట్టి పారేశాడు. వికీకి ఆ గుర్తు కనబడితే అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది. అనుకుని కొన్నిచోట్ల వాక్యంలో సగం మింగేసింది. శశికళ ఒక్కొక్క సూత్రాన్నీ విప్పి, గణితం ముక్కని దాని సంచిలో వేరుగా పెట్టి, లోపల సరైన ఆజ్ఞలు రాసి, పేజీ ఎట్లా కనబడుతుందో చూపే మునుజూపు మీట నొక్కి చూసుకుంటోంది. నొక్కినప్పుడల్లా అక్కడ సన్నటి కోణాలతో, నిటారు గీతతో సూత్రం అచ్చుపుస్తకంలో బొమ్మలాగా తేలి వస్తోంది. చూస్తుంటే కళ్ళకి హాయిగా ఉంది.

ఇక కబుర్లు. మొదటి సూత్రంలో ఫై, సై అనే గ్రీకు అక్షరాలు రెండు స్థితులకి గుర్తులు. దాని కింద మునీంద్ర ఇలా రాశాడు:

‘ఇది ఇట్ల చదవాల: ఎడమ పక్క కోణం బ్రాకెట్టు, దాంట్లో ఫై. నడుమ ఒక నిలువు గీత. కుడి పక్క సై, మళ్ళీ కోణం బ్రాకెట్టు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడినారు అనుకో. ఒకరినొకరు ఎంత మాత్రం గుర్తుపడతారో చెప్పే సంఖ్య ఇది. అసలు గుర్తే పట్టకుంటే సున్న.’

శశికళకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు తడిసినాయి. అచ్చం అతని గొంతే. క్లాసు బయట వరండాలో టీ తాగుతూ చేతులు తిప్పుకుంటూ చెప్పినట్టే ఉంది. కానీ సూత్రం పైన అంత చక్కగా ఉంటే, కింద మళ్ళీ దాన్నే మాటల్లో అప్పజెప్పడం దేనికి? ‘కనబడుతోంది కదా!’ అనుకుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ఆ తర్వాత ఆమెకి ముద్ద దిగనివ్వని మాట ఇదే.

వాక్యం మొత్తం నల్లగా ఎంచి, చెరిపేసే మీట మీద వేలు పెట్టింది. అప్పుడే ఫోన్ మోగింది. వాళ్ళ డిపార్ట్‌మెంటు పెద్ద నంజుండప్ప.

“మేడమ్, ఆ మునీంద్ర కూతురి సంగతి బుధవారంలోగా తేల్చండి. డిగ్రీలో ఫిజిక్సే కావాలంటుందంట. చూపు లేని పిల్ల, సూత్రాలు ఎట్ల చదువుతాది? హిస్టరీ తీసుకోమని చెప్పండి, ఆ పిల్లకే మంచిది.”

“సార్, ధన్య తెలివైన పిల్ల. పదో క్లాసులో చూపు పోయినా పీయూసీ ఫస్ట్ క్లాసులో పాసయింది. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకునింది సార్.”

“నాయన ఇప్పుడు లేడు గదమ్మా,” అన్నాడు నంజుండప్ప. చెడ్డవాడేమీ కాదు, ఉన్నమాట అన్నాడు.

“నేను చూసుకుంటాను సార్,” అంది శశికళ. అంటూనే మీట నొక్కింది. వాక్యం మాయమైంది.

ఆ తర్వాత చెయ్యి అలవాటు పడింది. ‘ఇది ఇట్ల చదవాల’ అన్నది కనబడగానే ఎంచడం, చెరపడం. అయినా ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించి, ఒకటి రెండుసార్లు తిరిగి కూడా చూసింది. అత్త ఉల్లిపాయలు తరుగుతోంది తప్ప ఎవరూ లేరు. పేజీ అడుగున చివరి సూత్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు చల్లబడ్డాయి. అక్కడ ‘ఇది ఇట్ల చదవాల:’ అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. మనిషి అంతవరకు కొట్టి ఆగిపోయాడు. భద్రపరిచే మీట నొక్కాడు గాబోలు, అంతే.

ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్నీ చెరిపి, పైనున్న పసుప్పచ్చ పట్టీ కూడా తీసేసింది. పేజీ సున్నం కొట్టిన గోడలాగా శుభ్రంగా అయింది. సాయంత్రానికి పురుషోత్తమ్ జవాబు వచ్చింది: ‘చాలా బాగుంది. వచ్చే వారం మొదటి పేజీలో పెడుతున్నాం.’ శశికళ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అత్తకి ఆ వాక్యం రెండుసార్లు చదివి వినిపించింది.

సోమవారం పొద్దున ఈ మంచి కబురు మోసుకుని ఆమె బూదికోట బస్సెక్కింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుంది, దాక్షాయణికి పేజీ కళ్ళారా చూపించాలని.

మునీంద్ర భార్య దాక్షాయణి పట్టుపురుగుల కొట్టంలో ఉంది. తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తోంది. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, అంటే ఆఖరిసారి పొర విడిచాయి, ఇంక వాటికి తినడమే పని, కొట్టమంతా సన్నగా చిటపట. శశికళని చూసి ఆకు తట్ట దించింది.

“రా శశక్కా. నువ్వొచ్చింది మంచిదాయె. ధన్య శనివారం సాయంత్రం నుంచి సరిగ్గా తిన్లేదు. ఏమాయె అంటే చెప్పదు. హిస్టరీ తీసుకుంటానంటాండాది. ఏడాది పొడుగూ ఫిజిక్స్ ఫిజిక్స్ అని నా ప్రాణం తీసిన పిల్ల ఇది!”

“ఎందుకంట?”

“నువ్వే అడుగు.”

ధన్య కొట్టం బయట అరుగు మీద, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని కూర్చుంది. శశికళ చెప్పుల చప్పుడు గుర్తుపట్టి మొహం ఇటు తిప్పింది.

“శశి ఆంటీ. మా అప్ప పోయినాడు.”

నాయన్ని ధన్య అప్ప అనే పిలుస్తుంది. శశికళ పక్కన కూర్చుని ఆ పిల్ల వీపు నిమిరింది. “ఏం చేస్తామమ్మా. ఏడాది అవుతా ఉండాది…”

“అట్ల కాదాంటీ. ఇన్నాళ్ళూ ఉండినాడు. మొన్న శనివారం పోయినాడు.”

ఎండలో కూర్చున్నా శశికళకి వెన్ను జిల్లుమంది. ధన్య ఫోన్ మీద వేలితో రెండుసార్లు తట్టింది. తెరమీద మాటల్ని పైకి చదివే ఆడగొంతు ఒకటి, ఎత్తూ పల్లం లేకుండా మొదలుపెట్టింది: “క్వాంటమ్ స్థితి. రెండు స్థితుల మధ్య సంబంధాన్ని కింది సూత్రం తెలుపుతుంది.” అని ఆగింది. కొట్టంలో పురుగులు ఆకు తినే చప్పుడు వినబడింది. “పై సూత్రాన్ని బట్టి తెలిసేది ఏమనగా,” అని ఫోన్ మళ్ళీ అందుకుంది. ఇంకో సూత్రం వచ్చింది. మళ్ళీ గమ్మునైపోయింది.

“విన్నారా? బొమ్మ వస్తే దీనికి నోరు రాదు. దాటుకుని పోతాది,” అంది ధన్య. “అందుకే మా అప్ప ప్రతి బొమ్మ కిందా నాకోసరం రాసిపెట్టినాడు. ఇట్ల చదవాల, ఇట్ల చదవాల అని. పొద్దున లేస్తానే పెట్టుకుని వింటా ఉంటి. శనివారం సాయంత్రం పెట్టుకుంటే ఒక్కటీ లేదు. ఎవురో అంతా తుడిచేసినారు. మీరు కూడా ఆ పేజీల్లో రాస్తారు గదా ఆంటీ, ఎవురు చేసినారో తెలుస్తాదా?”

 ఎవరో తెలియదని శశికళ అనొచ్చు. ఎవరేం మార్చారో చూపే చరిత్ర పేజీని ఆ పిల్ల వెళ్ళి చూడగలదా ఏమిటి. ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకి రోత పుట్టింది.

“నేనే ధన్యా,” అంది.

ధన్య పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు కోసం తడిమి, దొరికాక, తాగకుండా చేతుల్లోనే పట్టుకుంది.

“మొదటి పేజీలో పెట్టాలని… అందరికీ మీ అప్ప పేరు తెలియాలని చేసినాను. సూత్రాలు చక్కగా కనబడతా ఉంటే, ఆ మాటలు అక్కర లేదనుకుంటిని.”

“కనబడతా ఉంటే,” అంది ధన్య. ఎత్తిపొడుపు కూడా కాదు, ఊరికే ఆ మాటని తిరిగి అంది. “నాకవన్నీ నోటికొచ్చు ఆంటీ. కానీ నేను చెప్పుకుంటే అది నా గొంతు. ఫోన్ చెప్తే, అప్ప ఇంట్లోనే యాడో కూర్చుని చెప్పమన్నట్టు ఉండె. ఇంగ హిస్టరీ చదువుకుంటాను. దాంట్లో అన్నీ మాటలే గదా.”

లేచి గోడ పట్టుకుని లోపలికి పోయింది. వాకిట్లో నిలబడి అంతా విన్న దాక్షాయణి, “బేజారు పడొద్దు శశక్కా. నువ్వు మంచికే చేసింటావు,” అంది. తిట్టి ఉంటే బాగుండేది. బంగారుపేట దాకా బస్సులో శశికళ ఆ మాటే నములుతూ కూర్చుంది. ఫోన్‌లో ఆ పిల్ల తరఫున నంజుండప్పతో వాదించింది తనే, అదే నిమిషంలో ఆ పిల్ల చెవులు మూసింది తనే. కళ్ళున్నవాళ్ళకి ఉండే గుడ్డితనం ఇంతా అంతా కాదు.

ఒక్కటే మేలు, వికీ ఏదీ మరిచిపోదు. చెరిపినవన్నీ చరిత్ర పేజీలో, తేదీలతో సహా, పడుకుని ఉంటాయి. ఇంటికి చేరగానే చీరైనా మార్చుకోకుండా కూర్చుంది. కొత్తగా తీర్చిన సూత్రాల్ని అలాగే ఉంచి, ఒక్కొక్కదాని కింద మునీంద్ర వాక్యాన్ని పాత కూర్పులోంచి తెచ్చి పెట్టింది. పెట్టేముందు ప్రతిదాన్నీ పైకి చదివింది. అక్కయమ్మ దీపం పెట్టి వచ్చి కోడలి మొహంలోకి చూసింది.

“ఏమ్మే, ఎవురితో మాట్లాడతా ఉండావు?”

శశికళ జరిగింది చెప్పింది. చెబుతుండగానే పురుషోత్తమ్ కబురు తెరమీద పడింది: ‘మేడమ్, ఆ వాక్యాలు మళ్ళీ వచ్చాయేమిటి? ఇట్లా అయితే మొదటి పేజీకి కుదరదు.’ శశికళ కారణం రాసి, ‘కుదరకపోతే పోనివ్వండి. వాక్యాలు మాత్రం ముట్టుకోవద్దు,’ అని ముగించింది. కాసేపటికి ఆయన, ‘వాక్యాలు ఉండనివ్వండి మేడమ్. నాకు తోచనే లేదు. మొదటి పేజీ మాత్రం నా చేతిలో లేదు,’ అన్నాడు.

ఇక మిగిలింది చివరి సూత్రం. ‘ఇది ఇట్ల చదవాల:’ అని పెట్టింది. ఆ ఖాళీలో ఏం రావాలో ఆమెకి తెలుసు, క్లాసులో ఏటా చెప్పేదే. రాసింది. చదువుకుంది. తప్పేమీ లేదు, మునీంద్ర యాస కూడా బాగానే పట్టుబడింది. అదే ఆమెకి చనిపోయిన మనిషి చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది. చెరిపేసింది.

“నేను పిలిస్తే మీ మామ పలకడు,” అంది అక్కయమ్మ, వెనకనుంచి. “ఆయనకి మారుగా నువ్వు పలికితే నేనూరుకుంటానా? చెంపలు వాయిస్తాను. ఆ ఇంటి పిలుపుకి ఆ ఇంటోళ్ళే పలకాల. అట్లే ఇడిచిపెట్టు.”

శశికళ అట్లే విడిచిపెట్టింది.

బుధవారం పొద్దున బూదికోటలో బస్సు దిగేసరికి నంజుండప్ప ఫోన్ రెండుసార్లు వచ్చి ఆగింది. ధన్య అరుగు మీద లేదు. కొట్టంలో తల్లి పక్కన కూర్చుని, ఆకు తొడిమలు చేత్తో తడిమి ఏరుతోంది.

“పేజీ పెట్టుకుని చూడమ్మా,” అంది శశికళ. కూర్చోమని ఎవరూ అనకముందే నేలమీద చతికిలబడింది.

ధన్య చేతులు పావడాకి తుడుచుకుని, ఫోన్ తట్టింది. అదే గొంతు. మొదటి సూత్రం దగ్గర ఆగింది. ధన్య భుజాలు బిగుసుకున్నాయి. “ఇది ఇట్ల చదవాల,” అంది ఫోన్. “ఎడమ పక్క కోణం బ్రాకెట్టు, దాంట్లో ఫై…”

దాక్షాయణి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ధన్య పెదాలు ఫోన్‌తో పాటు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. ఒక్కొక్క సూత్రం కిందా అతను పలుకుతూ వచ్చాడు. యంత్రం గొంతే, కానీ ‘అనుకో’ అన్నప్పుడల్లా ఎదురుగా చెయ్యి తిప్పే మనిషి ఒకడు ఆ కొట్టంలో ఉన్నట్టే ఉంది. శశికళ తలెత్తి చూడ్డానికి జంకింది.

చివరికి, “ఇది ఇట్ల చదవాల,” అని ఫోన్ ఆగిపోయింది.

“ఇక్కడ అప్ప ఎప్పుడూ గమ్మునుంటాడు,” అంది ధన్య. “రోజూ ఇక్కడ నేను కాసేపు కూర్చుంటాను. చెప్తాడేమో అని కాదు. సుమ్నే, ఊరికే.”

దాక్షాయణి కొంగుతో కళ్ళొత్తుకుని, ఆకు తేవడానికి బయటికి పోయింది. గడప దగ్గర చెవి ఒగ్గి నిలబడే అక్కయమ్మ శశికళ కళ్ళముందు కదిలింది.

“ఏం సూత్రమో తెలుసుకోవాలని లేదా?”

 ధన్య కుడి చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తిప్పింది.

శశికళ చూపుడువేలితో ఆ చేతిమీద మెల్లగా గీసింది. కోణం బ్రాకెట్టు. శూలంలాంటి సై. నిలువు గీత. మళ్ళీ సై. మళ్ళీ బ్రాకెట్టు. సమానం గుర్తు. చివర ఒక నిలువు గీత, అంటే అంకె ఒకటి.

“ఇంగొకసారి,” అంది ధన్య. శశికళ మళ్ళీ గీసింది. “ఫై లేదా? రెండు పక్కలా సైయేనా?”

“రెండు పక్కలా సైయే.”

“ఎదురుగా ఎవురూ లేరన్నమాట. తనే.” అరచెయ్యి మూసుకుని ఆ గుర్తుల్ని లోపల పట్టుకున్నట్టు కూర్చుంది. పురుగులు తింటూనే ఉన్నాయి. శశికళకి జవాబు నాలుక చివరిదాకా వచ్చినా పళ్ళు బిగపట్టి ఊరుకుంది.

“ఆంటీ, రాసుకోండి,” అంది ధన్య.

శశికళ లాప్‌టాప్ తెరిచింది.

“ఎడమ పక్క కోణం బ్రాకెట్టు, దాంట్లో సై. నడుమ నిలువు గీత. కుడి పక్కా సైయే. సమానం ఒకటి. ఒకే మనిషి రెండు పక్కలా నిలబడినాడు అనుకో. తన్ను తాను గుర్తుపట్టేదాంట్లో కొరవ ఏమీ ఉండదు.” ఆగింది.  “యాడ ఉండాదో మనకి తెల్దు. కానీ అన్ని చోట్లా కలిపి చూస్తే, యాడో ఒక చోట ఉండనే ఉండాది. అది తప్పదు. అందుకే ఒకటి.”

శశికళ ఒక్క అక్షరం దిద్దకుండా కొట్టింది. ఏటా క్లాసులో తను చెప్పేదీ అదే, కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెబుతూ ఏడవలేదు.

“నీ పేరుతోనే ఖాతా తెరిచి పెడతాను. లోపలికి పోయేదానికి ఒక గుర్తుమాట చెప్పు,” అంది ముక్కు తుడుచుకుంటూ. ధన్య చెవిలో చెప్పింది. వాక్యం భద్రపరిచాక, శశికళ పేజీ నెత్తిమీదికి పోయి, తను తీసేసిన పసుప్పచ్చ పట్టీని వెతికి తెచ్చి, యథాస్థానంలో తగిలించింది.

‘సూత్రాలు ఎట్ల చదువుతాది?’ అని కాలేజీలో అడుగుతున్నారని ధన్యకి చెబుతుండగానే శశికళ ఫోన్ మళ్ళీ మోగింది. నంజుండప్ప. శశికళ ఎత్తబోయేలోపల ధన్య చెయ్యి చాచింది. “నాకియ్యండి. నేనే చెప్తాను.” ఫోన్ చెవికి పెట్టుకుంది. “నమస్తే సార్. ధన్యని. హిస్టరీ వద్దు సార్. సూత్రం ఎట్ల చదవాలని అడిగినారంట గదా, రేపొచ్చి చదువుతాను.”

ఆకు కోసుకొచ్చిన దాక్షాయణి మల్బరీ బుట్టతో నేరుగా వెనక తట్టల వైపు పోయింది. అక్కణ్ణుంచి ఇటు కనబడదు. ధన్య తన ఫోన్ తట్టి, పేజీ మొదటినుంచి పెట్టుకుంది. “ఈ పేజీలో పని జరుగుతోంది,” అని ఫోన్ మొదలుపెట్టింది. మునీంద్ర మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివర, “ఇది ఇట్ల చదవాల,” దగ్గర ఫోన్ ఈసారి ఆగలేదు. “ఎడమ పక్క కోణం బ్రాకెట్టు, దాంట్లో సై…”

తట్టల వెనక బుట్ట దబ్బున కింద పడిన చప్పుడు. ఏడాదిగా రోజూ ఆ చోట ఆగిపోవడం విన్న మనిషి ఆమె.

“ఎవురది?” దాక్షాయణి గొంతు వణుకుతూ వచ్చింది. “ఎవురు పలికేది?”

“నేనేమ్మా,” అంది ధన్య. “ఉండాను.”